గడప లోపలికొచ్చిన నిప్పు

జూన్ 12, ఆదివారం, సాయంత్రం.

ఈ రోజు పనులు: రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. మంచినీళ్ళు పట్టాను. కోడి ముక్కలు కడిగి, ఉప్పూ కారం పట్టించి, కాల్చాను. వంటగది గోడ జిడ్డు తుడిచాను. పెనం తోమాను. ఇంకా తోముతూనే ఉన్నట్టుంది.

ప్రియమైన అక్కకి,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం కూర్చుని చదువు, నిలబడి చదివేంత పొట్టిది కాదు.

కొత్తింటికని నువ్వు పంపిన గ్రిల్ పెనం ఎలా ఉందని అడిగితే, బ్రహ్మాండంగా ఉందని రాశాను. అది పైపై మాట. పెనంలో లోపం లేదు. మంచి బరువైన ఇనుము, అడుగున గట్లు గట్లుగా ఉండి, బొగ్గుల మీద కాల్చినట్టే ముక్కకి నల్ల చారలు పడతాయి. లోపం వేరేచోట ఉంది.

పాతింట్లో పెరడుండేది, గుర్తుందిగా. ఆదివారం వస్తే మీ మరిది బొగ్గులు రాజేసేవారు. వారమంతా డిపోలో బస్సులు బాగుచేసిన చేతులతో ఆ ఒక్కపూటా ముక్కలు కాల్చేవారు. నేను గుమ్మంలో నిలబడి "ఆ మూల ముక్క మాడుతోంది చూడండి" అంటే, పట్టకారు నా వైపు ఊపి "లోపలివాళ్ళకి మాట లేదు!" అనేవారు. నేను అలిగినట్టు మూతి ముడుచుకుని వెళ్ళి మంచం మీద కాళ్ళు చాపుకునేదాన్ని. వారంలో నేను పొయ్యి మొహం చూడని పూట అదొక్కటే. ముక్కలు కాల్చే ఇనుప జాలీ కూడా ఆయనే గీకి కడిగేవారు, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఈ మూడో అంతస్తుకి వచ్చాక బాల్కనీలో బొగ్గులు రాజేశారో లేదో, వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, పైవాళ్ళ బట్టలన్నీ పొగచూరాయంట. ఇక్కడ నిప్పు కుదరదు సార్." ఆ సంగతి రాస్తే జాలిపడి నువ్వు పెనం పంపావు. పెట్టె విప్పి ఆయన ఎంత మురిసిపోయారనుకున్నావు! రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి, తీసుకెళ్ళి నా పొయ్యి మీద పెట్టారు. "ఇక నీదే ఆలస్యం" అని హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు.

అర్థమైందా అక్కా? నిప్పు బయట ఉన్నంతకాలం ఆయనది. గడప లోపలికి రాగానే నాదైపోయింది.

ఆ పెనం దగ్గర నిలబడక తప్పదు. మధ్యస్థంగా ఉన్న మంట మీద బాగా కాలనివ్వాలి. ముక్కని తడి లేకుండా తుడవాలి. నూనె పెనంలో పోయకూడదు, ముక్కకే రాయాలి, లేకపోతే ఇల్లంతా పొగ. తొందరపడి కదిపితే గట్లకి అంటుకుని చిరుగుతుంది, దానంతటది వదిలేదాకా కాసుకుని ఉండాలి. తిన్నాక ఒక్కో గాడినీ విడిగా బ్రష్షుతో గీకాలి. ఇంత చేస్తే, ఇవాళ పళ్ళెం చూసి ఆయన "చారలు సరిగ్గా పడలేదేం?" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగకి అనుకున్నారు.

అలిసిపోయానక్కా. పని ఎక్కువై కాదు, ఉన్న ఒక్క పూటా చేజారిపోయి. అందుకే పెనాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పడేశాను. కిందింటి టైలరమ్మకి ఎరువిచ్చానని చెబుతాను. తప్పో ఒప్పో నువ్వే రాయి.

నీ చెల్లి


జూన్ 26, ఆదివారం, మధ్యాహ్నం.

ఈ రోజు పనులు: పొద్దున కాఫీ కలిపాను. ఇల్లు ఊడ్చాను. ఆ తర్వాత ఏమీ లేదు.

అక్కా,

నీ జవాబు అందింది. "పెనాన్ని దాస్తే ఏమొస్తుందే పిచ్చిమొద్దూ, దాచుకున్న మాట బయటపెట్టు" అన్నావు. నేను నోరు తెరిచేలోపే గుట్టు రట్టయింది.

ఇవాళ పెనం ఆయనే వెళ్ళి తెస్తానని కిందికి దిగారు. టైలరమ్మ తెల్లబోయి, "ఏ పెనం అన్నయ్యగారూ? నా దగ్గర సూదీ దారం తప్ప ఏముంటాయి?" అందట. వట్టి చేతులతో పైకొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఎక్కడుంది?"

"అటక మీద."

"ఎందుకు?"

ఇక దాచలేదు. "మీరు పెరట్లో కాల్చినన్నాళ్ళూ ఆదివారం నాక్కూడా ఉండేది. ఇప్పుడు మీకే ఉంది" అన్నాను.

"నాకు లోపల వంట రాదు కదే."

"బయట వచ్చింది లోపలెందుకు రాదు? గడప దాటితే చేతులు మారతాయా?"

లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. తర్వాత మెల్లగా, "పెరట్లో అయితే నువ్వు వెళ్ళి పడుకునేదాకా ఆగి, మాడినవి కుక్కకి వేసేసేవాణ్ణి. నీ వంటగదిలో, నీ కళ్ళముందు మాడ్చాలంటే నామోషీ" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఇలాంటి మాట వినలేదు. ఆ వీధికుక్క ఎందుకంత బలిసిందో కూడా ఇవాళే తెలిసింది.

అటకెక్కి ఆయనే పెనం దించారు. "నువ్వు బాల్కనీలో కూర్చో. చూస్తుంటే నాకు చేతులాడవు" అని కుర్చీ వేశారు. కాసేపటికి వంటింటి కిటికీలోంచి పొగ. నూనె ఎక్కడ పోశారో వాసనే చెప్పింది. ఉండబట్టలేక "నూనె ముక్కకి రాయాలండీ, పెనానికి కాదు!" అని కేకేశాను. పొగలోంచి దగ్గుతూ జవాబొచ్చింది: "బయటివాళ్ళకి మాట లేదు!"

లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. లేవకుండా ఉండటం కూడా పెద్ద పనే అక్కా.

ముక్కలు ఒకవైపు మాడాయి, రెండోవైపు ఉడకక మళ్ళీ వేయాల్సి వచ్చింది. "చారలు సరిగ్గా పడలేదేం?" అన్నాను. తలెత్తకుండా "తిను" అన్నారు. తిన్నాను. వేరే చేతి వంట, ఉప్పు తక్కువైనా బాగుంది.

ఇది రాస్తుంటే సింకు దగ్గర బ్రష్షు చప్పుడు, "ఇన్ని గాడులు పెట్టమని ఎవడు చెప్పాడో!" అని గొణుగుడు వినిపిస్తున్నాయి. ఒక్క పూటతో అలసట తీరదు, నా నడుముకి ఆ సంగతి తెలుసు. వచ్చే ఆదివారం ఆయన మరిచిపోతే అడుగుతాను. ఈసారి అటకెక్కను.

కాళ్ళు చాపుకుని,
నీ చెల్లి

తా.క. రోజూ పనులు రాసుకునే లెక్కల పుస్తకంలో ఈ రోజు పేజీ అడుగున రాసుకున్నాను: ఆయన నాకు బాకీపడ్డ ఆదివారం ముట్టింది.