చలిపొద్దున కీచుమనే యంత్రం

కేశవులూ, గంజి ఉట్టిమీద పెట్టేను, తాగి వెళ్లు. పొయ్యి పక్కనున్న ఆముదం ముంత నీ ఆవిరి పడవకి పట్టుకెళ్లు. నిప్పుల మీద గోరువెచ్చగా చేసి యంత్రం ఇరుసుకి పోసి, చక్రాన్ని నెమ్మదిగా చేత్తో తిప్పి, ఆ తర్వాతే ఆవిరి వదులు. నువ్వు దానికి పోసే మన కొబ్బరినూనె ఈ పుష్యమాసపు చలికి పేరుకుపోతుందని నీకు తెలియదా నాయనా? అది కరిగి లోపలికి దిగేలోగా ఇనుమూ ఇత్తడీ పొడిగా ఒరుసుకుంటాయి. మీ తాతగారి గానుగ కూడా పొద్దున్నే నీ యంత్రంలాగే కీచుమనేది. "వేడెక్కితే అదే సర్దుకుంటుంది లేవే అచ్చమ్మా" అనేవారు. రోకలి అరిగి విరిగేదాకా అదే మాట.

నిన్న నీ పంచె ఉతుకుతుంటే నూనె మరకలో ఇత్తడి రజను మెరిసింది. అరిగింది తిరిగి రాదురా. దొరగారు యంత్రం విప్పించి ఆ అరుగుదల చూసిన రోజున నీ కొలువు పోతుంది, ఆ సంగతి నీకూ తెలుసు. అయినా నూనె వెచ్చబెట్టడం మానకు.

మీ అత్తకి పురిటినొప్పులొస్తున్నాయని కబురొచ్చింది, మురమళ్ళ వెళ్తున్నాను. రేవులో పడవ సరంగు కేకలేస్తున్నాడు.

ఆ ఆముదం నా మోకాళ్ళకి దాచుకున్నది. అంతా తీసుకో. ఇవీ ఎలాగూ అరిగిపోయాయి.