పాపాయి వచ్చే గది

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. ఉత్తరం చూసి కంగారుపడకు, నాకింకా ఏమీ కాలేదు. అమ్మాయి పసిపిల్లని తీసుకుని వారం రోజులు నా దగ్గరుంటానంది. కానీ ఈ మేడమీద గది మధ్యాహ్నానికి పెనంలా కాలుతుందట, చల్లబడితేనే వస్తుందట. ఏసీ పెట్టిస్తానంటే వద్దన్నాను. అంత బరువు గోడకి వేలాడుతుంటే నాకు నిద్ర పడుతుందా? ఊరందరి కప్పులకీ రంగులేస్తావు, నా కప్పు సంగతీ చూడు. మనవరాలిని ఎత్తుకోకుండానే పోతానేమోనని బెంగ.

నీ అక్క

మరో మాట: నిచ్చెన మీదుంటే దిగి చదువు.

అక్కకి నమస్కారాలు.

కప్పుకి తెల్లరంగు వేయడానికి మనుషుల్ని పంపుతున్నాను. పగలు ఎండవైపు కిటికీలు మూసి పరదాలు వేయి, చీకటిపడ్డాక తెరువు. తలుపులు, కిటికీల అంచుల దగ్గర సన్న కాగితం ముక్క పట్టుకుని చూడు. ఎక్కడ ఊగితే అక్కడ సందుంది, వడగాలి వస్తుంది. రబ్బరు పట్టీ అంటించు.

తమ్ముడు

మరో మాట: దిగే చదివాను.

తమ్ముడికి,

రంగు వేసి వెళ్ళారు గానీ నా కొంప మునిగింది. కాగితం ఊగని చోటు లేదురా. కిటికీ దగ్గర ఊగింది, అలమారా దగ్గర ఊగింది, గది మధ్యలో ఇంకా ఊగింది. ఇన్నాళ్ళూ జల్లెడలో కాపురం చేశానన్నమాట. గోడగడియారం చుట్టూ కూడా పట్టీ వేశాను. అలమారా ఇక తెరుచుకోదు, చీరలన్నీ లోపలే. అమ్మాయిని రావద్దన్నాను.

నీ అక్క

మరో మాట: ఫ్యాను గాలి కూడా బయటికే పోతోందేమోనని ఇంకాస్త పెంచాను.

అక్కా,

కాగితం పట్టుకున్నప్పుడు ఫ్యాను ఆపావా?

తమ్ముడు

మరో మాట: అమ్మాయికి నేను ఫోను చేశాను. బయల్దేరింది.

తమ్ముడికి,

ఫ్యాను ఎలా ఆపుతానురా, మళ్ళీ తిరగనని మొండికేస్తే? నువ్వడిగావని కళ్ళు మూసుకుని ఆపాను. తలుపు కింద ఒక్కచోటే కాగితం వణికింది. అక్కడ అంటించి, మిగతావన్నీ పీకేశాను. అమ్మాయి వచ్చీ రాగానే, "నాకు చెప్పకుండా ఏసీ పెట్టించావా అమ్మా?" అని మంచం కింద కూడా వెతికింది. పాపాయి నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఎంత బరువుందనుకున్నావు.

ఇప్పుడు అసలు కష్టం విను. పాపాయికి నడక వచ్చేదాకా ఇక్కడే ఉంటారట. తీసుకెళ్ళడానికొచ్చిన అల్లుడు అన్నం తిని చాప మీద ఒరిగాడు, నిన్నటినుంచీ లేవలేదు. కిందింటావిడ దిండు పట్టుకుని వచ్చేసింది. నాకు కాళ్ళు చాపుకునే చోటు లేక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఇంత చల్లగా చేయమని నిన్నెవరడిగారు?

నీ అక్క

మరో మాట: పాపాయికి జలుబు చేస్తుందేమోనని స్వెటరు అల్లుతున్నాను. ఎండాకాలంలో ఇదేం పనని అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ.