వెనక్కి చూసే సీటు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయించేది. రాయించేది అని ఎందుకన్నానంటే, నా చేతులకి మోచేతుల దాకా గ్రీజు. నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. ఇక్కడ అందరం క్షేమం, బండి తప్ప.

మామయ్యగారు మాకు వదిలిన స్టేషన్ వ్యాగన్ని ఎట్టకేలకు విప్పాను. ఇన్నాళ్లూ మా షెడ్డులో కోళ్లు కాపురం చేసిన ఆ పొడుగాటి కారుని, రేడియోలు బాగుచేసుకునేవాడు ఏం బాగుచేస్తాడని వీధంతా నవ్వుతోంది. నవ్వనీ. తుప్పంతా గీకేశాను. ఇంజను మాట వింటోంది. డ్యాష్‌బోర్డులో పాత వాల్వు రేడియో ఒకటి బిగించాను. అది వేడెక్కి పాట అందుకునేసరికి మనం దిగాల్సిన చోటు వచ్చేస్తుంది, అదొక్కటే లోటు.

ఇప్పుడు నీతో పనిపడింది. సీట్లన్నీ చిరుగులు. పేరున్న దర్జీవి ఇంట్లోనే ఉండగా బయటివాళ్ల గుమ్మం తొక్కడమెందుకు? రెక్సిన్ కవర్లు కుట్టి పంపు. కొలతల టేపు ఎక్కడ పెట్టానో కనబడడం లేదు, అందుకని జానల్లో ఇస్తున్నాను. ముందు సీటు పొడవు ఆరు జానలు, మధ్య సీటు ఆరున్నర, వెడల్పు రెండేసి. ఆలస్యం చేయకు. వానలు మొదలయ్యేలోపు బండి షెడ్డులోంచి కదలకపోతే పాత ఇనుప సామాన్ల ఆయనకి తూకానికి వేసేస్తానని మీ అక్క శపథం పట్టింది. ఆయన అప్పుడే ఒకసారి వచ్చి బానెట్ మీద వేలితో కొట్టి చూసి, తలూపి వెళ్లాడు.

ఇట్లు,
గ్రీజు వదలని మీ బావ

తా.క.: బండి పక్కలకి చెక్క పలకలు కావాల్సి వచ్చి మీ అక్క బీరువా తలుపులు వాడాను. ఈ వాక్యం దగ్గర ఆవిడ కలం కాసేపు ఆగింది.

*

బావగారికి నమస్కారాలు.

కవర్లు పార్సిల్లో పంపాను. దర్జీకి జానల్లో కొలతలు పంపిన మొదటి మనిషి మీరే. మెడలో టేపు వేలాడుతుండగా నేను బల్ల మీద జానలు వేస్తూ కూర్చుంటే, కొట్లో పనివాళ్లు నాకేదో అయిందనుకుని మంచినీళ్లు తెచ్చారు.

ఒక్క మనవి. డిక్కీలో వెనక్కి తిరిగి ఉండే చిన్న సీటు ఒకటుంటుంది. దాన్ని పీకి పారేయకండి. నాన్న బండి నడుపుతుంటే అందరూ వచ్చే దారి చూసేవాళ్లు, నేనూ అక్కా పోయే దారి చూసేవాళ్లం. కిటికీ పక్క చోటు కోసం కొట్టుకునేవాళ్లం. కొట్టేది తనే అనుకోండి. దాని కొలత మీరు పంపలేదు, మరిచిపోయినట్టున్నారు.

విధేయుడు,
మీ బావమరిది

తా.క.: ఒకసారి రారా అని అక్క ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంది. కొట్టు వదిలి రాలేనని నేనూ కార్డు మీద ఒక్క ముక్క రాసేస్తాను. ఈసారి ఆ ముక్క మీరే చెప్పేయండి, నాకొక కార్డు మిగులుతుంది.

*

చిరంజీవి దర్జీగారికి,

కవర్లు అందాయి. పెద్దమనిషికి బడిపిల్లాడి నిక్కరు తొడిగినట్టున్నాయి. లాగితే సాగుతాయేమోనని ఒక అంచు మీద నేను కూర్చుని, రెండో అంచు మీ అక్కని లాగమన్నాను. కుట్టు ఊడలేదు, నేనే ఊడి కిందపడ్డాను. మిగిలిన గుడ్డతో ఎవరికి సంచులు కుట్టిపెట్టావని అడగను. దర్జీ కత్తెరకి ఆకలెక్కువని మా అమ్మ అంటూనే ఉండేది.

మళ్లీ కొలతలు ఇస్తున్నాను. ముందు సీటు ఏడు జానలు, మధ్యది ఏడున్నర, వెడల్పు మూడేసి. ఈసారి కత్తెరకి ముందే అన్నం పెట్టి అప్పుడు పని మొదలుపెట్టు.

ఇంకో తలనొప్పి. ఎడమ తలుపు వేసినప్పుడల్లా లోపల ఏదో గలగలమంటోంది. ఉన్న బోల్టులన్నీ బిగించాను, లేనివీ బిగించాను, తగ్గలేదు. టేపూ దొరకలేదు. 

ఇట్లు,
మీ బావ

తా.క.: బీరువా తలుపుకున్న నిలువుటద్దం తీయడం మరిచిపోయాను. వీధిలో పోయేవాళ్లంతా బండి పక్కన ఆగి తల దువ్వుకుంటున్నారు. పాత సామాన్ల ఆయనైతే రోజూ వస్తున్నాడు. అద్దం కోసమో బండి కోసమో తెలియక నాకు ముద్ద దిగడం లేదు.

*

బావగారికి,

నమస్కారం పెట్టడానికి మనసు రావడం లేదు, కానీ అక్క చదువుతుంది కనుక నమస్కారం.

తప్పు నా కత్తెరది కాదు, మీ చేతిది. పెళ్లినాడు మీరు నా చెయ్యి పట్టుకుని ఊపినప్పుడే గమనించాను, అది చెయ్యి కాదు చేట. నా జానకి నాలుగు వేళ్లు కలిపితే గానీ మీ జాన అవ్వదు. అలాగే ప్రతి జానకీ కలిపి కుట్టాను. ఒక్క ముక్క కూడా మిగుల్చుకోలేదు. ఇవి సరిపోకపోతే కత్తెర అటకెక్కించి, మీ షెడ్డుకొచ్చి కోళ్లు కాస్తాను.

మీ బావమరిది

తా.క.: వెనక సీటు కొలత ఈసారి కూడా రాయలేదు. అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

*

కోళ్లు కాయబోయే బావమరిదికి,

రా నాయనా, దడి తలుపు తీసే ఉంచాను. ముందు సీటు కవరు మా మంచం మీద వేస్తే అంచులు నేల ఊడుస్తున్నాయి. మధ్య సీటు కవరులో నేనూ మీ అక్కా దూరి ఒకరినొకరం వెతుక్కోవాల్సి వచ్చింది. నీ చెయ్యి చిన్నదని నేనే ప్రతి కొలతకీ జానెడు కలిపి రాస్తే, నాది పెద్దదని నువ్వు ఆపైన వేళ్లు కలుపుతావా? చెప్పకుండా కలపమని నీకెవరు చెప్పారు? నాకూ ఎవరూ చెప్పలేదనుకో, అది వేరే సంగతి.

ఇక్కడ మబ్బు పట్టింది. పాత సామాన్ల ఆయన ఆదివారం తక్కెడ తెస్తానన్నాడు. మీ అక్క సరేనంది. ఇంక కవర్లూ వద్దు, ఉత్తరాలూ వద్దు.

ఇట్లు,
సీట్లు లేని బండి గల మీ బావ

తా.క.: రేడియో మాత్రం హాయిగా పాడుతోంది. కూర్చుని వినడానికే చోటు లేదు.

*

అక్కా,

ఇది నీకే. బావగారికి చదివి వినిపించకు.

బండి తూకానికి వేయకు. నాన్న వస్తువుల్లో నేనెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ వెనక సీటు పోతే మాత్రం నాకు చాలా బాధగా ఉంటుంది. అందులో మనిద్దరం తప్ప ఇంకెవరూ కూర్చోలేదు. కవర్లు మళ్లీ కుడతాను. బావగారి చెయ్యి కాగితం మీద పెట్టించి, చుట్టూ గీసి పంపు. ఆదివారం ఎలాగైనా ఆపు.

నీ తమ్ముడు

తా.క.: బావగారికి వినిపించినా ఫరవాలేదు. నాకు కోపం తగ్గిందని చెప్పు.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఇన్ని ఉత్తరాలూ మీ బావ మాటలే రాశాను. ఇవి నా మాటలు.

మీ బావ చెయ్యి గీసి పంపి లాభం లేదు. ఆ రోజు ఆయన బండి కింద పడుకుని, "సీటు ఎన్ని జానలుందో చూడు" అని కేకేశారు. నేను చూసి చెప్పాను. ఎవరి జాన అని కిందనుంచి ఆయనా అడగలేదు, అక్కడినుంచి నువ్వూ అడగలేదు. ఆయనది చేటనీ నీది చిన్నదనీ మీరిద్దరూ దెప్పుకుంటుంటే, కొలిచిన చేత్తోనే ఆ ముక్కలన్నీ రాస్తూ కూర్చున్నాను. నీ చేతికంటే నా చెయ్యి పెద్దదని నీకు తెలియదా? కిటికీ కోసం పోట్లాడినప్పుడల్లా నీ వీపు మీద పడింది ఇదే కదరా.

మొదటి పార్సిల్ వచ్చిన రోజే చెప్పేద్దామనుకున్నాను. కానీ ఏళ్ల తరబడి కార్డు మీద ఒక్క ముక్క రాసి సరిపెట్టేవాడివి పేజీలు నింపడం మొదలుపెట్టావు. మీ బావేమో పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కాపు కాస్తున్నారు. తిట్టుకుంటే తిట్టుకున్నారు, ఇల్లు కళకళలాడుతోందని ఊరుకున్నాను.

నీ ఉత్తరం అందేసరికి ఆదివారం దాటిపోయింది. కంగారుపడకు. శనివారమే వాన పడింది, షెడ్డు కారింది. నీ మధ్య సీటు కవరు విప్పి బండి మీద పరిస్తే కొత్త రంగు మీద చుక్క పడలేదు. తర్వాత నేనే వంటింటి కత్తెరతో కోసి సీట్లకి అతికించాను. కుట్టు చూసి నవ్వకు. పాత సామాన్ల ఆయన అన్నమాట ప్రకారం వచ్చాడు. తక్కెడ తేలేదు, దువ్వెన తెచ్చుకున్నాడు. నాన్న బండిని నేను తూకానికి వేస్తానని ఎలా నమ్మావురా? అలా బెదిరించకపోతే మీ బావ వచ్చే ఏడు దాకా దాని కిందే పడుకునేవారు.

వచ్చే ఆదివారం బయల్దేరి నీ కొట్టు ముందుకే వస్తున్నాం. నువ్వు కొట్టు వదలక్కర్లేదు, గడప దాటితే చాలు. వెనక సీటుకి మాత్రం కవరు వేయలేదు. దాని కొలత కావాలనే ఇన్నాళ్లూ రాయలేదు. నువ్వే ఎక్కి కూర్చుని, నీ చేత్తో కొలుచుకో. ఈసారి కిటికీ నీదే.

ప్రేమతో,
అక్క

తా.క.: ఎడమ తలుపులో గలగల సంగతి తేలింది. మీ బావ టేపు. తీసేద్దామంటే, ముందు అది ఎంత లోతులో పడిందో కొలవాలంటున్నారు. ఆయన అడిగినా నీ టేపు మెడలోంచి తీయకు.