చాప చాలన్నాడు

కాంపండా ఊరు, డెడ్జా
2004 నవంబరు 18

నా ప్రాణమైన ఫాయినెసి అక్కకు,

ములాంజె తేయాకు తోటల నుంచి నువ్వు పంపిన ఉత్తరం బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చాడు. "మీ ఆయన సౌలోసి పోయి ఏడాది దాటింది. ఇంకా ఆ కొండ కింద ఏం చేస్తున్నావే?" అని అడిగావు. ఏం చేస్తున్నానో నాకూ సరిగా తెలియదు. పొద్దున్నే లేస్తున్నాను. నీళ్లకు పోతున్నాను. చావులకు పోతున్నాను.

ఈ వారం మూడు. ఊళ్లో శవం ఉండగా ఎవరూ పొలంలో పార పట్టకూడదు కదా. తొలివాన పడి నేల మెత్తబడ్డ రోజులన్నీ చావు ఇళ్ల ముందు కూర్చోవడంతోనే పోయాయి. మొక్కజొన్నకు అదును తప్పింది. చాలామంది కర్రపెండలం పెట్టేశారు. మనిషి మంచాన పడితే అది నేలలో ఆగి ఎదురుచూస్తుంది, మొక్కజొన్న ఆగదు. కొండవాలు చేలకు మగవాళ్లు కట్టిన రాతిగట్లు తెగిపోయాయి. మళ్లీ కట్టే చేతులు లేవు. ఎర్రమట్టి దారి మీదికి వచ్చి మేట వేస్తోంది. దాన్ని తొక్కుకుంటూ పోతున్నాను, ఏమీ అనిపించడం లేదు.

నీ దగ్గర దాచిన మాట ఒకటుంది. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

సౌలోసి మా ఊరి అడవి సంఘానికి పెద్ద అని నీకు తెలుసు. చెట్టు కొట్టుకోవచ్చని సంఘం తరఫున చీటీలు రాసేది నేనే. ఊటగుండం పైన పదిహేడు ఎంబావ చెట్లుండేవి. ఒక్కోటి ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. నీళ్లను పట్టి ఉంచేది వాటి వేళ్లేనని ఆయన అనేవాడు. శవపెట్టెలు చేసే జైలోసి వారానికి రెండుసార్లు మా అరుగు మీదికి వచ్చేవాడు.

"పోయినవాళ్లకు పెట్టె కావాలి కదన్నా!"

"ఉన్నవాళ్లకు నీళ్లు కావాలి కదరా!" అని ఈయన తిప్పి పంపేవాడు.

తర్వాత ఈయనే పడ్డాడు. ఊరిని ఖాళీ చేస్తున్న ఆ జబ్బే. చివరి వారంలో నా చెయ్యి పట్టుకుని, "నాకు పెట్టె వద్దు ఎనెలెసీ, చాప చాలు. నా కోసం ఒక్క చెట్టు కొట్టించావంటే ఇక ఎవరికీ కాదని చెప్పలేవు" అన్నాడు. సరేనన్నాను.

ఆయన పోయిన పొద్దున మరిది ఫాక్సన్ అందరిముందూ నా మీదికి వచ్చాడు. "మా అన్నను చాపలో చుట్టి గోతిలో పడేస్తావా వదినా? కుక్కనుకున్నావా? అసలు అన్నకు ఏం పెట్టి చంపావోనని అనరా జనం?" ఊరిపెద్ద లుఫెయో నన్ను పక్కకు పిలిచి, "పోయే ముందు ఏమైనా చెప్పాడామ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఏమీ చెప్పలేదు పెద్దయ్యా" అన్నాను.

అనేసి, నా చేత్తోనే చీటీ రాశాను. మొదటి ఎంబావ ఆయన కోసమే పడింది. ఆ తర్వాత ఎవరొచ్చినా కాదనడానికి నాకు నోరేదీ? ఇప్పటికి పదకొండు. అన్ని చీటీలూ నా రాతే.

ఇంత రాసినా కంట్లో తడి లేదక్కా.

నీ చెల్లెలు,
ఎనెలెసి


కాంపండా
2005 ఆగస్టు 30

ఫాయినెసి అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను తిట్టలేదు నువ్వు. "వచ్చెయ్, కూలీల ఇళ్లలో నా గదిలోనే ఇద్దరం సర్దుకుందాం" అన్నావు. వస్తున్నాను.

ఇక్కడ ఉండి చేసేదేమీ లేదు. చెట్లు మూడే మిగిలాయి. ఊట చిటికెనవేలంత అయింది. బిందె నిండాలంటే ఒక పాట మొత్తం పాడి ముగించొచ్చు, కానీ ఇప్పుడెవరూ పాడటం లేదు. మొన్న వరసలో నుంచున్నప్పుడు ఒకావిడ, "దారివ్వండే, చెట్ల గుమాస్తా వచ్చింది! రేపటి నుంచి నీళ్లకు కూడా చీటీ రాస్తుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక కూడా ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉన్నట్టు అనిపించి చేత్తో తడుముకుని చూసుకున్నాను.

సంఘంలో ఆరుగురం ఉండేవాళ్లం. ఇద్దరం మిగిలాం. రెండోవాడికి చెవులు వినపడవు. నా సంగతి కూడా నీకు రాయాలి. నెల నుంచి దగ్గు ఆగడం లేదు. ముంజేతి గాజు మోచేతిదాకా జారుతోంది. నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. భయం కూడా వేయడం లేదు, అదే విచిత్రం.

సంఘం ముద్ర పెద్దయ్యకు అప్పజెప్పి, కర్రపెండలం తవ్వుకుని, అక్టోబరు నెలాఖరుకు బస్సెక్కుతాను. తేయాకు కోయడం నాకు నేర్పాలి మరి.

నీ దగ్గరికి వస్తున్న
ఎనెలెసి


కాంపండా
2005 అక్టోబరు 27

అక్కా, నా తల్లీ,

నా కోసం గదిలో చోటు ఖాళీ చేసి ఉంచావేమో. ఏమైందో రాస్తాను, చదివాక కోప్పడు.

ముద్ర ఇవ్వడానికి వెళ్దామనుకున్న రోజే పెద్దయ్య కూతురు తమందాని పోయింది. ఇరవై నాలుగేళ్లది. నేను వెళ్లేసరికి జైలోసి రంపం భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. మిగిలిన మూడు చెట్లూ ఊట నోటి దగ్గరివే. పెద్దయ్య నా వైపు చూడకుండానే, "చీటీ రాయమ్మా" అన్నారు.

కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. తేదీ వేశాను. ఆ పైన చెయ్యి కదల్లేదు.

"పెద్దయ్యా, ఆ రోజు మీరు అడిగితే అబద్ధం చెప్పాను" అన్నాను. "ఆయన చాప చాలన్నాడు. తన కోసం చెట్టు కొట్టొద్దన్నాడు."

పాడుతున్న ఆడవాళ్లు ఆపేశారు. ఫాక్సన్ లేచాడు. "చూశారా! చచ్చినవాడి నోట్లో మాటలు పెడుతోంది!"

"నువ్వు కూర్చో" అన్నారు పెద్దయ్య. "ఇన్నాళ్లూ ఎందుకు దాచావమ్మా?"

"నేనే చంపానంటారని భయపడ్డాను."

ఎవరూ కాదనలేదక్కా. అంటారని వాళ్లకూ తెలుసు.

జైలోసి గొంతు సవరించుకున్నాడు. "పెద్దయ్యా, మీ బిడ్డను చాపలో పంపితే ఊరు నవ్వుతుంది."

"నవ్వడానికి ఊళ్లో ఎంతమంది మిగిలారు జైలోసీ?" అన్నారాయన. అని లోపలికి వెళ్లి, చూరులో చుట్టి పెట్టిన కొత్త చాప తానే తెచ్చి వాకిట్లో పరిచారు.

తమందానిని అలాగే సాగనంపాం. అందరికీ అది నచ్చలేదు. ఇద్దరు ముసలివాళ్లు గోరీల దాకా రాకుండానే వెనక్కి పోయారు. ఆ మూడు చెట్లు నిలిచాయి. ఊటలో నీళ్లేమీ పెరగలేదు, నేను బతికుండగా పెరుగుతాయని కూడా అనుకోను. ఊట పైవాలులో దున్నే దిక్కులేని చేలు నాలుగున్నాయి. వాటిని ఇక ఎవరికీ పంచకుండా, మొలిచే మొక్కను మొలవనివ్వాలని పెద్దయ్య అన్నారు. అందులో మా చేను కూడా ఉంది. ఫాక్సన్ దాని మీద ఆశ పెట్టుకున్నాడు. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

ముద్ర ఇవ్వబోతే పెద్దయ్య తీసుకోలేదు. "రేపు ఆసుపత్రికి పోదాం పద" అన్నారు. నేను అడగలేదు. ఆ దగ్గు ఆయన ఇంట్లో ఏడాదిగా విన్నదే కదా.

నా రక్తం చూసి, ఆ జబ్బు ఉందన్నారు. ఇప్పుడు దానికి మాత్రలు ఊరికే ఇస్తున్నారక్కా, బతికున్నంతకాలం రోజూ వేసుకోవాలట. వేసుకుంటున్నానో లేదో చూసే మనిషి ఒకరు ఉంటేనే మొదలుపెడతారట. "నీకెవరున్నారమ్మా?" అని నర్సు కలం పట్టుకుని అడిగింది. ఎవరూ లేరని చెప్పబోయాను.

"నా పేరు రాసుకో. లుఫెయో" అన్నారు పెద్దయ్య.

"ఈమె మీకు ఏమవుతుంది?"

"నా కూతురిని ఇక్కడికి తీసుకురావడానికి సిగ్గుపడ్డానమ్మా. ఈమెది మా ఊరు. అంతే రాసుకో" అన్నారు.

నర్సు రాసుకుంది.

వెనక్కి వచ్చేటప్పుడు ఆయన ముందు, నేను వెనక. ఏడుపు అప్పుడూ రాలేదు. బస్సులు ఆగే చోట ఒకావిడ చిలగడదుంపలు కాలుస్తోంది. ఆ వాసనకు ఉన్నట్టుండి ఆకలేసింది. ఆకలి వేసి ఎన్నాళ్లయిందో! పెద్దయ్య ఒకటి కొని నా చేతిలో పెట్టారు. అక్కడే నిలబడి, తొక్కతో సహా తిన్నాను. "ఇంకోటి తింటావా?" అని అడిగారు. తింటానన్నాను.

ఇక్కడే ఉంటున్న నీ
ఎనెలెసి