ట్యూషన్‌కి మూడు వంకాయలు

మామయ్యగారూ,

అమ్మకి జ్వరమట, భంజనగర్ ఎల్తున్నాను. సాయంత్రం నా ట్యూషన్ పిల్లలకి ఇంగ్లీషు మీరే చెప్పాలి. ఈరోజు పాఠం పోలికలు. బిగ్ నుంచి బిగ్గర్ రాసేటప్పుడు జి రెండుసార్లు రావాలి. హ్యాపీలో వై తీసేసి ఐ పెట్టాక ఇ, ఆర్ రాయించండి. బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటలకైతే ముందు మోర్, మోస్ట్ పెడితే చాలు.

ఒక్కటి మాత్రం వినండి. మీరు బడిలో మాస్టారుగా ఉన్నప్పుడు చేసినట్టు పిల్లల్ని నిలబెట్టి ఎవరు పొడుగు, ఎవరు లావు అని అడక్కండి. కిందటిసారి మీరలా అడిగితే అందరూ లిప్సాని చూసి నవ్వారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. నిన్న వాళ్ళింటికెళ్ళి బతిమాలితే ఈరోజు వస్తానంది. మీ పక్కన కూర్చోబెట్టుకోండి. బల్ల మీద మూడు సైజుల వంకాయలు పెట్టాను, వాటిని చూపించి చెప్పండి. వంకాయలు ఏటీ అనుకోవు.

వసుధ

ఇంకోటేటంటే, మొన్న ఫోన్లో ఎవరితోనో పెద్దకోడలి వంట నా వంట కంటే బాగుంటుందన్నారు. విన్నాను. మిగిలిన వంకాయలు మీకిష్టమని కూర వండి పొయ్యి మీద ఉంచాను. వేడిచేసుకుని, దేంతోనూ పోల్చకుండా తినండి.