నీటి మీద వచ్చినవాడు

తార్గెలియోన్ నెల, ఇరవయ్యో రోజు

గాథలు పాడే ఫనోడికోస్, కుమ్మరి పిగ్రెస్ కూతురు హెదీలాకు రాస్తున్నది.

తల్లీ, నిన్నూ నీ బిడ్డనూ దేవతలు చల్లగా చూడాలి. ఉత్తరం మొదట్లో 'సంతోషించు' అని రాయడం మన ఆచారం. ఈసారి ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. మన్నించు.

స్పాంజీలు అమ్మేవాడి చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. నాన్న ఎలా పోయాడో దాచకుండా రాయి బాబాయ్ అన్నావు. మీ ఊళ్లోనూ జ్వరం మొదలైందనీ, నాన్నను పంపేసేలా చేసిన ఆ గాథ చరణం పూర్తిగా రాసి పంపమని మీ పెద్దలు అడుగుతున్నారనీ రాశావు. పాత గాథలో నిజంగా అలా ఉంటే ఏడవను, దేవుడి మాటే అనుకుంటాను అన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఇక్కడ జ్వరం గోధుమ ఓడలతో పాటు వచ్చింది. ముందు రేవులో మూటలు మోసేవాళ్లు పడిపోయారు, తర్వాత మా వీధి. మీ అమ్మను పాతిపెట్టిన చోట చుట్టూ ఇప్పుడు అడుగు పెట్టడానికి సందు లేదు.

ఏటా ఈ నెల ఆరో రోజున ఊరి మైల తీయడం నీకు తెలిసిందే. ఒకడి మెడలో ఎండు అంజూరాల దండ వేసి, అంజూరపు కొమ్మలతో నాలుగు తట్టి పొలిమేర దాటిస్తాం. వాడు కాసేపు బయట కూర్చుని, దండలో పళ్లు తినేసి, పెరటి దారిన ఇంటికొస్తాడు. నీ చిన్నప్పుడు ఆ ఊరేగింపు వెంట పరుగెత్తి మోకాళ్లు చీరుకునేదానివి. ఈ ఏడు ఆ ఆట చాలదన్నారు పెద్దలు. గాథలో ఏముందో చెప్పమని నన్ను సభకు పిలిచారు. నేను నోరు తెరిచేలోపే, ఓడల యజమాని థ్రాసిక్లెస్ లేచి తనే ఆ చరణం పాడాడు: నీటి మీద వచ్చినవాణ్ణి నీటికే ఇచ్చాక దేవుడు విల్లు దించాడు, అని. గొంతు గాడిదది. సభంతా మాత్రం తలలూపింది.

నేను వాదించాను తల్లీ, అది నమ్ము. గాథలో చెప్పిందంతా ఉన్నదున్నట్టు పట్టుకోకూడదన్నాను. జ్వరం తెచ్చే దేవుడి బాణాలంటే ఎండకు కుళ్లిన గాలి, నీటి మీద వచ్చినవాడంటే మనిషి కాదు, జ్వరమే. ఓడల్లో వచ్చిన ఆ పాడు గోధుమల్ని సముద్రంలో పారబోయండి, బావులు కడగండి అన్నాను. థ్రాసిక్లెస్ ఎగిరిపడ్డాడు. పాడమని పిలిస్తే అర్థాలు చెబుతావేంటి ముసలాడా, పెద్దల మాటకు పెడర్థాలు తీస్తావా, నా గోధుమలు చేపలకు పొయ్యాలా అని అరిచాడు. అందరూ నవ్వారు. ఊళ్లో నీటి మీద వచ్చినవాడు ఎవడని ఆ తర్వాత ఎక్కువసేపు వెతకలేదు.

మేం వెళ్లేసరికి మీ నాన్న సారె దగ్గరే ఉన్నాడు. కారియా నుంచి పడవలో వచ్చి ఇరవై రెండేళ్లయింది, ఇంకా ఒళ్లారలేదా నాకు అన్నాడు వాళ్లతో. ఒకడు నవ్వాడు కూడా. సారె మీది కుండ కోసి పక్కన పెట్టుకుంటానంటే ఆగారు. తర్వాత మట్టిచేతులతోనే నా వైపు తిరిగి, నువ్వు చెప్పు ఫనో, పాటలో అలాగే ఉందా అని అడిగాడు.

ఉంది అన్నాను.

ఉంటే సరేలే, నువ్వు నాతో అబద్ధమాడవు అన్నాడు. తాళ్లు అక్కర్లేదని తనే నడిచాడు. తెడ్లు లేని పడవలో ఎక్కించారు. ఒడ్డున ఆడవాళ్లు కొందరు ఏడ్చారు, మగవాళ్లం ఎవరం ఏడవలేదు.

నాలుగో రోజున పడవ దక్షిణపు కొనకు కొట్టుకొచ్చింది. అందులోనే ఉన్నాడు. పెదాలు పగిలి రక్తం గడ్డకట్టింది, నాలుక నల్లబడింది. వంటి మీద వేరే దెబ్బేమీ లేదు. ముట్టుకుంటే మైలని ఎవరూ రాకపోతే నేనే మోసుకెళ్లి పాతిపెట్టాను. కూతురివి నీ బదులు నా జుట్టు కత్తిరించి సమాధి మీద పెట్టాను, తేనె, పాలు పోశాను. మూడుసార్లు పేరు పెట్టి పిలిచాను. ఆ తర్వాత కూడా జ్వరం తగ్గలేదు. థ్రాసిక్లెస్ చిన్నకొడుకు నిన్న పోయాడు.

నువ్వడిగిన చరణం రాసి పంపను. ఒళ్లు జాగ్రత్త. పిల్లకు కాచిన నీళ్లే ఇవ్వు.

మీ నాన్న స్నేహితుడు,
ఫనోడికోస్

తా.క. ఉత్తరం మడిచి ముద్ర వేసి, మళ్లీ విప్పాను. పాత గాథలో ఆ చరణం లేదు. మా గురువు నోట నేను వినలేదు, ఆయన తన గురువు నోట వినలేదు. మూడేళ్ల కిందట పండగ పోటీలో జనం ఆవులిస్తుంటే, అప్పటికప్పుడు నేనే కట్టి కలిపాను. బహుమతిగా మేకనిచ్చారు. మీ నాన్నే కోసి వండాడు. పాత గాథలో సొంత మాట కలిపినవాడి చేతికి మళ్లీ గాయకుడి కర్ర ఇవ్వరు, పాడనివ్వరు. ఆ కర్ర కోసం సభలో అర్థాలు చెప్పాను, నిజం చెప్పలేదు. మీ నాన్న మొహం మీద కూడా చెప్పలేదు.

నిన్న సభలో చెప్పాను. నమ్మలేదు. స్నేహితుడి దిగులుతో మతి పోయింది పాపం అన్నారు. అంత గొప్ప చరణం కట్టే మొహమేనా నీది అన్నాడు ఒకడు. ఆ మాటకు ఒక్క క్షణం నాకు గర్వమేసింది తల్లీ. నన్ను నువ్వు ఎప్పటికీ క్షమించకూడదనే ఇదీ రాస్తున్నాను.

మీ పెద్దలు నన్నడిగి ఊరుకోరు, ఇంకో గాయకుణ్ణి అడుగుతారు. ఇప్పుడది అందరికీ వచ్చు. ఆ ఊరికి నువ్వు పడవలో వెళ్లిన కోడలివి. ఈ ఉత్తరం చూపించి వాదిస్తూ కూర్చోకు. పిల్లనెత్తుకుని ఇవాళే కొండదారి పట్టు.