పెద్దమ్మ చేసిన రెండు ఫోన్లు

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం

పెద్దమ్మ పళ్ల క్లినిక్ మూసేశాం. వెయిటింగ్ రూమ్ నిండా జనం ఉండగానే.

పెద్దమ్మ మూడో పేషెంటు కోసం పరికరాల ప్యాకెట్ చింపబోయి ఆగింది. ఆవిరి సరిగ్గా తగిలితే ప్యాకెట్ మీది గులాబీ గీత నల్లబడాలి. నల్లబడలేదు. చెత్తబుట్టలోంచి పొద్దుటి ప్యాకెట్లు తీసి చూసింది. అవీ గులాబీగానే ఉన్నాయి. పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ వేడెక్కనే లేదు. అప్పటికే ఇద్దరి నోళ్లలో ఆ పరికరాలు పెట్టేసింది. ఒకరు టాక్సీ డ్రైవర్. ఇంకొకరు ఏడో నెల గర్భిణి.

చూసింది మేమిద్దరమే. రిస్కు చాలా తక్కువ కదా అన్నాను. తక్కువేనే, కానీ ఆ మాట చెప్పాల్సింది వాళ్లకి, మనలో మనం చెప్పుకుంటే ఎలా అంది.

సాయంత్రం

తనే ఫోన్లు చేసింది. మెషీన్ పాడైందని మొదలుపెడుతుందనుకున్నాను. గీత చూడకుండా వాడాను, తప్పు నాది అని మొదలుపెట్టింది. రక్తపరీక్షలు ఎందుకో, ఎప్పుడెప్పుడో విడమరిచి చెప్పింది. డ్రైవర్ అరుపులు పక్కగదిలో ఉన్న నాకూ వినిపించాయి. గర్భిణి అమ్మాయి మాత్రం పరీక్షకి ఎప్పుడు రావాలో అడిగి పెట్టేసిందట. తర్వాత పెద్దమ్మ ఇద్దరి పరీక్షల తేదీలూ గోడ క్యాలెండర్ మీద రాసింది.

జూన్ 10

డెంటల్ కౌన్సిల్‌కీ తనే చెప్పేసింది. ఎవరూ కంప్లైంట్ ఇవ్వకముందే. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెదనాన్న విసుక్కున్నారు. రెండోది మీకు బాగా తెలుసులెండి అంది.

జూన్ 13

కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నా ఈడే ఉంటుంది. ప్రతి సొరుగూ లాగి చూసింది. నాకు పన్ను పీకడం నేర్పిన పెద్దమ్మ, వైవాకి వచ్చిన స్టూడెంట్‌లా చేతులు కట్టుకుని నిలబడింది. మెషీన్ బాగై, టెస్టులో నెగ్గేదాకా ఒక్క పేషెంటునీ ముట్టుకోవద్దని ఇన్‌స్పెక్టర్ చెప్పి వెళ్లింది.

ఎథిక్స్ పేపర్‌ని మార్కుల కోసం బట్టీపట్టినదాన్ని నేను. పేషెంటుకి నిజం చెప్పవలెను అన్నది అందులో ఒక చిన్న ప్రశ్నకి జవాబు. ఆ వాక్యం లేచి మన ఇంట్లో తిరుగుతుంటే ఇలా ఉంటుందని తెలియదు.

జూన్ 20

మొదటి రిపోర్టులు. ఇద్దరికీ ఏమీ లేదు. సెప్టెంబరులో మళ్లీ చేయాలి.

జూలై 22

కౌన్సిల్‌లో విచారణ. పెద్ద హాలు ఊహించుకున్నాను. ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను. ప్యానెల్లో డెంటిస్టులతోపాటు పేషెంట్ల తరఫున ఒక పెద్దాయన. ఆరోజు అంత తొందరేమొచ్చిందమ్మా అని ఆయనే అడిగాడు. బయట జనం ఎక్కువగా ఉన్నారండీ అంది పెద్దమ్మ. అని, అది సమాధానం కాదని తనే ఒప్పుకుంది.

ఆ గర్భిణి అమ్మాయి కూడా వచ్చింది, ఆయాసపడుతూ. ఫోన్ వచ్చిన రోజు డాక్టర్ గారిని తిట్టుకుంటూ ఏడ్చానండీ అంది. చెప్పకపోయుంటే నాకు తెలిసేదే కాదు కదా, అది తలుచుకుంటే ఇంకా భయమేసింది అంది.

పెద్దమ్మకి హెచ్చరిక. అది కౌన్సిల్ జాబితాలో ఆమె పేరు పక్కన అందరికీ కనపడేలా ఉంటుంది. ఏడాదిపాటు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. బయటికొచ్చాక, మరీ ఎక్కువ కదా అన్నాను. నా నోట్లో జరిగుంటే తక్కువే అనిపించేది అంది.

మనిషి ఎంత ఎత్తుంటుందో పక్కన నడుస్తుంటే తెలియదు.

సెప్టెంబరు 12

చివరి రిపోర్టులు. ఇద్దరూ క్షేమం. పెద్దమ్మ వాటిని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టింది. డ్రైవర్ వేరే డెంటిస్టుని చూసుకున్నాడట. అది అతని హక్కు అంది.

సెప్టెంబరు 26

ఆ అమ్మాయి వచ్చింది, ఒళ్లో పాపతో. పంటి నొప్పేం లేదట, ఊరికే చూపించిపోదామని. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. పాప ఆవులించింది. ఒక్క పన్నూ లేని ఆ నోటిని పెద్దమ్మ వంగి అలా చూస్తూనే ఉంది.